పరికరము చేతిలో ఉన్నా అనుమతి కావలెను

పల్నాడులో మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినవంటే ఊరి వెలుపలి కల్లములన్నీ మిరపకాయలతో ఎర్రబడిపోతాయి. కాయ సరిగా ఆరకపోతే బూజు పడుతుంది. బూజు పట్టిన కాయకు ధర రాదు. కనుక గాలిలో తేమ ఎంత ఉన్నదో, రాత్రి మంచు ఏ వేళకు దిగుతున్నదో తెలిస్తే రైతుకు మేలు. గురజాలలోనో మాచర్లలోనో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ తేమను గంటగంటకు కొలిచి నమోదు చేయదలచినారని అనుకొనవచ్చును. వారు తేమను కొలిచే చిన్న పరికరమును ఒక ఆర్డుయినో బోర్డుకు కలిపినారు. ఆ బోర్డును యు.ఎస్.బి. తీగతో పాఠశాల కంప్యూటరుకు తగిలించినారు. ప్రోగ్రాము వ్రాసి బోర్డులోనికి ఎక్కించబోగా తెరమీద "పర్మిషన్ డినైడ్" అని రెండు మాటలు కనిపించినవి. అనగా అనుమతి లేదు.

బోర్డు చెడిపోలేదు. తీగ తెగలేదు. ప్రోగ్రాములో దోషము లేదు. పరికరము విద్యార్థి చేతిలోనే ఉన్నది. అయినా కంప్యూటరు దానిని ముట్టనీయదు. కారణము తెలిసిన వారికి ఇది రెండు నిమిషముల పని. తెలియని వారు విసిగి ప్రయోగమునే మానుకొనవచ్చును. లేదా తొందరపడి కంప్యూటరు తలుపులన్నీ బార్లా తీసివేయవచ్చును. ఈ రెంటిలో ఏది జరిగినా నష్టమే.

ఈ చిక్కు ఇకముందు ఇంకను ఎక్కువమందికి ఎదురు కాగలదు. నీతి ఆయోగ్ ఆధ్వర్యమున 2016లో ఆరంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్, ఆరు నుండి పన్నెండు వరకు చదివే విద్యార్థుల కోసము పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలను నెలకొల్పినది. ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయము లభిస్తుంది. దేశములో ఇట్టివి 10,000 ఏర్పడిన తరువాత, మరి 50,000 ప్రయోగశాలలను ఐదేండ్లలో ప్రభుత్వ పాఠశాలలలో స్థాపించుటకు 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటన వెలువడినది. ఇట్టి ప్రయోగశాలలలో ఆర్డుయినో వంటి బోర్డులు ముఖ్యమైన సామగ్రి. ఇక కంప్యూటర్ల విషయమునకు వస్తే, రుసుము లేకుండా లభించే లినక్స్ నిర్వహణ వ్యవస్థను అనేక విద్యాసంస్థలు వాడుతున్నవి. సీ-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన 'బాస్' గాని, తెలుగువారి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమము తీర్చిన 'స్వేచ్ఛ' గాని డెబియన్ అనే లినక్స్ కుటుంబమునకు చెందినవే. పైన చెప్పిన అనుమతి చిక్కు లినక్స్ కంప్యూటర్లన్నిటిలోను ఉన్నది.

వరుసలో నడిచే బిట్లు

ముందుగా సీరియల్ పరికరము అంటే ఏమో తెలుసుకొనవలెను. కంప్యూటరులో ఒక అక్షరము సాధారణముగా ఎనిమిది బిట్ల కూర్పు. ఎనిమిది బిట్లను ఎనిమిది తీగల మీద ఒక్కసారిగా పంపుట ఒక పద్ధతి. ఒకే తీగమీద ఒకదాని వెనుక ఒకటిగా పంపుట మరొక పద్ధతి. చేని గట్టు సన్నముగా ఉన్నప్పుడు కూలీలు ఒకరి వెనుక ఒకరు నడిచినట్లే బిట్లు కూడ నడుస్తాయి. ఇదే సీరియల్ పద్ధతి. దీనికి అమెరికాలో 1960లో ఆర్.ఎస్. 232 అనే ప్రమాణము ఏర్పడినది.

అక్షరము మొదలైనదని తెలుపుటకు ముందు ఒక బిట్టు, ముగిసినదని తెలుపుటకు వెనుక ఒక బిట్టు చేర్చుట వాడుక. అప్పుడు అక్షరమునకు మొత్తము పది బిట్లు. సెకనుకు 9600 బిట్ల వేగముతో పంపితే సెకనుకు 960 అక్షరములు చేరుతాయి. కల్లములోని తేమ, ఉష్ణోగ్రతలను తెలుపుటకు ఇరువది అక్షరములైనా పట్టవు. కనుక ఈ వేగము చాలును.

యు.ఎస్.బి. మొదటి ప్రమాణము 1996లో వెలువడినది. క్రమముగా పాత సీరియల్ ద్వారములు కంప్యూటర్ల నుండి మాయమైనవి. కాని సీరియల్ పద్ధతి మాయము కాలేదు. బోర్డుమీద ఉండే ఒక చిన్న చిప్పు యు.ఎస్.బి. భాషను సీరియల్ భాషగా మార్చి ఇస్తుంది. అందువలన యు.ఎస్.బి. తీగతో తగిలించినా, కంప్యూటరు ఆ బోర్డును సీరియల్ పరికరముగానే గుర్తిస్తుంది.

పరికరము కూడ ఒక ఫైలే

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యునిక్స్ అనే నిర్వహణ వ్యవస్థకు ఆరంభము చేసినారు. ఈ కృషికి వారికి 1983లో ట్యూరింగ్ బహుమానము లభించినది. వారి ఆలోచనలలో ఒకటి మిక్కిలి సులభమైనది, మిక్కిలి బలమైనది. కంప్యూటరుకు తగిలించిన ప్రతి పరికరమును ఒక ఫైలువలె చూపవలెనని వారు నిశ్చయించినారు. ఫైలును చదివితే పరికరమునుండి సమాచారము వస్తుంది. ఫైలులో వ్రాస్తే పరికరమునకు సమాచారము పోతుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఇదే పద్ధతిని స్వీకరించినది.

లినక్స్‌లో ఈ పరికరముల ఫైళ్ళన్నీ 'డెవ్' అనే డైరెక్టరీలో ఉంటాయి. ఆర్డుయినో ఊనో బోర్డు తగిలించగానే అక్కడ 'టిటివై ఎసిఎమ్ 0' అనే ఫైలు పుడుతుంది. చౌకరకము బోర్డులలో ఉండే సిహెచ్ 340 వంటి చిప్పులకైతే 'టిటివై యుఎస్‌బి 0' అనే పేరు వస్తుంది. మొదటి మూడక్షరములు టెలిటైపు యంత్రము పేరునకు సంక్షేపము. ఆ యంత్రములు మూలబడి చాలకాలమైనది, పేరు మాత్రము నిలిచినది.

పరికరము ఫైలు అయినప్పుడు, ఫైళ్ళకు ఉండే కట్టుబాట్లన్నీ దానికీ వర్తిస్తాయి. "అనుమతి లేదు" అనే మాటకు మూలము ఇక్కడే ఉన్నది.

తొమ్మిది గుర్తుల లెక్క

ప్రతి ఫైలుకు ఒక యజమాని ఉంటాడు. ఒక వర్గము ఉంటుంది. ఈ ఇద్దరికీ చెందని వారందరు ఇతరులు. ఒక్కొక్కరికి మూడు హక్కులు: చదువుట, వ్రాయుట, నడుపుట. మూడు మూళ్ళు తొమ్మిది. ఒక్కొక్క హక్కు ఉండవచ్చును, లేకపోవచ్చును. కనుక రెండును తొమ్మిదిసార్లు హెచ్చించగా వచ్చే 512 విధములలో ఏదో ఒక విధముగా ఫైలుకు అనుమతులు ఏర్పడుతాయి.

వీటిని అంకెలలో వ్రాయుట తేలిక. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. చదువుట, వ్రాయుట రెండూ ఉంటే 6. ఏదీ లేకుంటే 0. డెబియన్ కుటుంబపు కంప్యూటర్లలో సీరియల్ పరికరపు ఫైలుకు సాధారణముగా 660 అనే అనుమతి ఉంటుంది. అనగా యజమాని చదువవచ్చును, వ్రాయవచ్చును. వర్గములోని వారు కూడ చదువవచ్చును, వ్రాయవచ్చును. ఇతరులకు ఏ హక్కూ లేదు. ఇక్కడ యజమాని 'రూట్'. ఇతడు కంప్యూటరు మొత్తముమీద సర్వాధికారి. వర్గము పేరు 'డయలవుట్'. విద్యార్థి రూట్ కాడు, డయలవుట్ వర్గములో అతని పేరు లేదు. కనుక అతడు ఇతరులలో ఒకడు. అతని భాగమునకు వచ్చినది సున్న. తెరమీద కనిపించిన రెండు మాటలకు ఇంతే అర్థము.

డయలవుట్ అనే పేరు వెనుక ఒక చరిత్ర ఉన్నది. ఒకప్పుడు సీరియల్ ద్వారమునకు మోడెమ్ తగిలించి, దాని ద్వారా టెలిఫోను తీగమీద దూరపు కంప్యూటర్లతో మాట్లాడేవారు. ప్రతి పిలుపుకు బిల్లు పడేది. నరసరావుపేట వంటి పట్టణములలో కూడ ఆ రోజులలో కార్యాలయపు టెలిఫోను డయలుకు చిన్న తాళము వేసి, ఆ చెవిని ఒకరిద్దరి వద్దనే ఉంచుట వాడుకలో ఉండేది. కంప్యూటరులోని డయలవుట్ వర్గము కూడ అట్టి తాళమే. బయటికి ఫోను చేయుటకు అర్హులైన వారి పేర్ల పట్టిక అది. మోడెములు పోయినవి, పట్టిక మిగిలినది.

అడ్డదారులు మూడు

ఈ చిక్కును తప్పించుకొనుటకు పలువురు పట్టే అడ్డదారులు మూడు ఉన్నవి.

మొదటిది, రూట్ సంకేతపదమును విద్యార్థులందరికీ చెప్పివేయుట. నాగార్జునసాగరము కుడికాలువ పల్నాటి పొలములకు ప్రాణము. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలినారు. ఆ కాలువ తూము తలుపులను ఎవరు పడితే వారు ఎత్తరు. అందుకు లస్కరు ఉంటాడు. ఒక చేనికి తడి కావలెనని కాలువ తూములన్నిటి చెవులను ఊరందరికీ పంచితే, చివరి భూములకు చుక్క నీరు చేరదు. రూట్ అధికారము కూడ అట్టిదే. ఒక బోర్డుకు ప్రోగ్రాము ఎక్కించుటకై దానిని ఇస్తే, విద్యార్థి చేతిలోనికి ఇతరుల ఫైళ్ళు, ఉపాధ్యాయుల మార్కుల పట్టికలు, నిర్వహణ వ్యవస్థ సమస్తము వస్తాయి. దుర్బుద్ధి లేకున్నా ఒక్క తప్పు ఆజ్ఞతో అన్నీ తుడిచిపెట్టుకొని పోవచ్చును.

రెండవది, ప్రోగ్రామును రూట్ పేర నడుపుట. పని జరుగుతుంది. కాని ఆ సమయమున పుట్టే ఫైళ్ళకు రూటే యజమాని అవుతాడు. మరునాడు విద్యార్థి తన పేరుతో కూర్చొని తాను వ్రాసిన దానినే దిద్దుకొనలేడు. ఒక అనుమతి చిక్కు రెండు చిక్కులవుతుంది.

మూడవది, ఆ పరికరపు ఫైలు అనుమతిని 666గా మార్చుట. అప్పుడు ఇతరులకు కూడ చదివే, వ్రాసే హక్కు వస్తుంది. ఇతరులు అంటే తోటి విద్యార్థులే కారు. కంప్యూటరులో మనుష్యులకు కనిపించకుండా నడిచే సేవలకు కూడ వేరువేరు ఖాతాలు ఉంటాయి. అవి కూడ ఇతరులే. వాటిలో ఏ ఒక్కటి దుష్టుల చేత చిక్కినా బోర్డుకు తగిలించిన మోటారును తిప్పవచ్చును, బోర్డులోని ప్రోగ్రామును చెరపవచ్చును. ఇంతకూ ఈ మార్పు నిలిచేది కూడ కాదు. డెవ్ డైరెక్టరీలోని ఫైళ్ళు డిస్కుమీద కాక జ్ఞాపకములో ఉంటాయి. తీగను పీకగానే ఆ ఫైలు నశిస్తుంది. మరల తగిలించితే కొత్త ఫైలు 660తో పుడుతుంది. "నిన్న పని చేసినది, ఈవేళ ఎందుకు చేయదు?" అనే ప్రశ్నకు చాలసార్లు ఇదే సమాధానము.

వర్గములో పేరు చేర్చుట

వ్యవస్థను రచించిన వారు ఉద్దేశించిన మార్గము సులభమైనది. విద్యార్థి ఖాతాను డయలవుట్ వర్గములో చేర్చవలెను. ఈ పనిని నిర్వాహకుడు ఒక్కసారి చేస్తే చాలును. 'యూజర్‌మాడ్' అనే ఆజ్ఞకు ఆంగ్లములోని చిన్న 'ఏ', పెద్ద 'జి' అనే గుర్తులను, తరువాత వర్గము పేరును, ఖాతా పేరును ఇవ్వవలెను. ఇందులో చిన్న 'ఏ' ముఖ్యము. ఉన్న వర్గములకు ఇది కూడ కలుపుమని దాని భావము. దానిని మరచి పెద్ద 'జి' ఒక్కటే వ్రాస్తే, ఖాతా అంతవరకు అదనముగా చేరియున్న వర్గములన్నిటి నుండి తొలగి డయలవుట్‌లో మాత్రమే మిగులుతుంది. నిర్వాహకుడు తన ఖాతాకే ఇట్లు చేసుకొంటే నిర్వాహకుని హక్కులను కూడ పోగొట్టుకొనవచ్చును. డెబియన్ కుటుంబములో 'ఆడ్‌యూజర్' అనే ఆజ్ఞకు ఖాతా పేరు, వర్గము పేరు వరుసగా ఇచ్చినా సరిపోతుంది. అందులో ఈ భయము లేదు. ఆర్చ్ లినక్స్ వంటి కొన్నిటిలో ఈ వర్గము పేరు 'యుయుసిపి'. కనుక ముందుగా పరికరపు ఫైలు ఏ వర్గమునకు చెందినదో చూచుకొని ఆ పేరునే వాడవలెను.

పేరు చేర్చిన వెంటనే ఫలితము కనిపించదు. విద్యార్థి కంప్యూటరులో ప్రవేశించినప్పుడు అతని వర్గముల పట్టిక అతని ప్రోగ్రాములకు అంటుకొంటుంది. నడుమ పట్టికను మార్చినా పాత ప్రోగ్రాములకు అది తెలియదు. కనుక ఒకసారి బయటికి వచ్చి మరల ప్రవేశించవలెను. అటుపిమ్మట 'ఐడి' అనే ఆజ్ఞ ఇస్తే వర్గముల పేర్లన్నీ కనిపిస్తాయి. ఈ ఒక్క విషయము తెలియక, చేసిన పని ఫలించలేదని భ్రమించి 666 దారి పట్టినవారు కలరు.

కూర్చున్న వానికే హక్కు

వర్గ పద్ధతికి ఒక లోపము ఉన్నది. వర్గములో చేరినవారు ఎప్పుడైనా, ఎక్కడనుండియైనా పరికరమును వాడవచ్చును. ఒక విద్యార్థి బల్లముందు కూర్చొని కొలతలు తీస్తూ ఉండగా, మరొకడు వేరొక గదిలోని కంప్యూటరునుండి నెట్‌వర్కు ద్వారా ప్రవేశించి అదే బోర్డుకు మరొక ప్రోగ్రాము పంపవచ్చును. ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనే పాఠశాలలో ఇది ఆలోచింపదగిన విషయము.

దీనికి ఉపాయము 'యుడెవ్' అనే భాగములో లభిస్తుంది. దీనిని 2003లో గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ ప్రవేశపెట్టినాడు. పరికరము తగిలించగానే దాని ఫైలుకు పేరు, వర్గము, అనుమతి ఏవి ఉండవలెనో నియమముల ప్రకారము నిర్ణయించుట దీని పని. ప్రతి యు.ఎస్.బి. పరికరము తన తయారీదారు సంఖ్యను, తన రకపు సంఖ్యను కంప్యూటరుకు చెప్పుకొంటుంది. ఒక్కొక్కటి 16 బిట్ల సంఖ్య. అందు 65,536 భేదములు సాధ్యము. ఆర్డుయినో సంస్థ సంఖ్య 2341. సిహెచ్ 340 చిప్పు తయారీదారు సంఖ్య 1ఎ86. "ఈ సంఖ్యగల సీరియల్ పరికరము వస్తే దానికి 'యుయాక్సెస్' అనే గుర్తు పెట్టుము" అని ఒక వాక్యముతో నియమము వ్రాసి, దానిని 'ఈటీసీ' డైరెక్టరీలోని యుడెవ్ నియమములలో ఉంచితే చాలును. అప్పుడు కంప్యూటరు ముందు ఎవరు కూర్చొని ప్రవేశించియున్నారో వారికి మాత్రమే ఆ పరికరముమీద హక్కు లభిస్తుంది. వారు లేచిపోయి మరొకరు ప్రవేశించితే హక్కు వారికి మారుతుంది. దూరమునుండి వచ్చిన వానికి ఈ గుర్తు వలన హక్కు రాదు. ఇట్లు చేసినప్పుడు విద్యార్థులను డయలవుట్ వర్గములో చేర్చరాదు; చేర్చితే పాత లోపమే మిగులుతుంది.

నియమముల ఫైళ్ళను వాటి పేర్లలోని అంకెల వరుసలో చదువుతారు. హక్కును అంటగట్టే నియమము 73 అంకెతో మొదలయ్యే ఫైలులో ఉన్నది. కనుక కొత్త ఫైలు పేరు అంతకంటె చిన్న అంకెతో ఆరంభము కావలెను. 99 అని పెడితే గుర్తు ఆలస్యముగా చేరి వ్యర్థమవుతుంది.

అన్నీ అనుమతి చిక్కులు కావు

తెరమీది మాటలను జాగ్రత్తగా చదువుట శాస్త్ర విద్యార్థికి మొదటి పాఠము. "అనుమతి లేదు" అంటే ఫైలు ఉన్నది, హక్కు లేదు. "అట్టి ఫైలు లేదు" అంటే పరికరము కంప్యూటరుకు కనిపించనే లేదు. తీగలలో విద్యుత్తును మాత్రమే మోసి సమాచారమును మోయనివి కూడ ఉన్నవి. సెల్‌ఫోను ఛార్జరుతో వచ్చే తీగను వాడితే ఇట్లు జరుగవచ్చును. "పరికరము పనిలో ఉన్నది" అంటే మరొక ప్రోగ్రాము దానిని పట్టుకొని ఉన్నది. ఉబుంటు 22.04లో ఇట్టి వింత ఒకటి జరిగినది. అంధులకు అక్షరములను చేతివేళ్ళకు తగిలేట్లు చూపే బ్రెయిలీ పలకల కోసము ఉద్దేశించిన 'బిఆర్ఎల్‌టిటివై' అనే ప్రోగ్రాము, సంఖ్యలు కలియుటచేత సిహెచ్ 340 బోర్డులను బ్రెయిలీ పలకలని భ్రమించి లాగుకొన్నది. అప్పుడు సీరియల్ ఫైలు పుట్టి వెంటనే మాయమయ్యేది. ఇట్టి చోట్ల అనుమతులను ఎంత మార్చినా ప్రయోజనము లేదు.

ఎంత పనికి అంత అధికారము

1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు కంప్యూటరులోని సమాచార రక్షణను గురించి ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించినారు. ప్రతి ప్రోగ్రామునకు, ప్రతి వినియోగదారునికి తన పని నెరవేర్చుటకు ఎంత అధికారము అవసరమో అంత మాత్రమే ఉండవలెనని అందులో చెప్పిన సూత్రములలో ఒకటి. విద్యార్థికి బోర్డు కావలెను. కంప్యూటరు మొత్తము అక్కరలేదు. బోర్డు ఇవ్వకపోతే చదువు ఆగుతుంది. అంతా ఇచ్చివేస్తే పదిమంది చదువు ప్రమాదములో పడుతుంది. 660 అనే మూడంకెల సంఖ్య, డయలవుట్ అనే పాత పేరు, యుయాక్సెస్ అనే కొత్త గుర్తు ఈ రెంటి నడుమ దారిని చూపే సాధనములు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక అభ్యాసముగా చేయించవచ్చును. యజమాని రూట్, వర్గము డయలవుట్ అయిన ఫైలుకు 600, 640, 660, 664, 666 అనే అనుమతులను వరుసగా నల్లబల్లమీద వ్రాసి, వర్గములో ఉన్న విద్యార్థి ఏమి చేయగలడో, లేనివాడు ఏమి చేయగలడో ముందుగా నోటితో చెప్పించవలెను. ఒక నియమము జ్ఞాపకముంచుకొనవలెను: కంప్యూటరు మొదట యజమానివా అని, కాకుంటే వర్గములోని వాడివా అని, అదీ కాకుంటేనే ఇతరుడవు అని నిర్ణయించి, ఆ ఒక్క అంకెనే చూస్తుంది. రూట్ ఒక్కడే ఈ విచారణకు అతీతుడు. మరి 606 అని వ్రాస్తే డయలవుట్ వర్గములోని వానికి లభించే హక్కు ఎంత? ఇతరులకు 6 ఉన్నది గదా అని తొందరపడి చెప్పేవారు ఉంటారు. సమాధానము సున్న.